కొండమీద కౌలు: ఖాళీ చేయవలసింది ఎవరు?

కౌలుదారును భూమి నుంచి ఖాళీ చేయించడం అనగానే మైదాన ప్రాంతపు పాఠకుడికి ఒక చిరపరిచితమైన చిత్రం స్ఫురిస్తుంది. భూమి ఒకరిది, సాగు మరొకరిది. శిస్తు బకాయి పడిందనో, తానే సాగు చేసుకుంటాననో, మరొకరు ఎక్కువ ఇస్తామన్నారనో యజమాని కౌలుదారును పొమ్మంటాడు. కౌలుదారు తన శ్రమను, ఏళ్ల తరబడి సాగును చూపి నిలబడాలని ప్రయత్నిస్తాడు. ఈ తగాదాలో యజమాని హక్కును ఎవరూ ప్రశ్నించరు. కౌలుదారుకు ఎంత రక్షణ ఇవ్వాలన్నదే చర్చ. అనంతగిరి ఘాట్ ఎక్కి అరకులోయలో అడుగుపెట్టేసరికి ఈ చిత్రం తలకిందులవుతుంది. ఆదివాసీ కౌలుదారును పొమ్మనే గిరిజనేతర భూస్వామిని చట్టం అక్కడ ముందుగా ఒక ప్రశ్న అడుగుతుంది: అసలు నీకీ భూమి ఎలా వచ్చింది?

ఈ ప్రశ్న చట్టంలో అర్ధ శతాబ్దానికి పైగా ఉన్నది. ఆచరణలో మాత్రం అది అడగవలసిన చోట, అడగవలసిన సమయంలో వినిపించదు. పాలికి చేస్తున్న ఆదివాసీని ఖాళీ చేయించడానికి ఒక పంటకాలం చాలు. ఒక్కోసారి సంతలో అన్న ఒక్క మాట చాలు. అదే భూమి నుంచి చట్టవిరుద్ధ ఆక్రమణదారును ఖాళీ చేయించడానికి ఒక తరం పడుతుంది. తూర్పు కనుమల భూతగాదాల సారమంతా ఈ వ్యత్యాసంలోనే ఉన్నది.

చట్టం ఎందుకు పుట్టింది

ఏజెన్సీకి ప్రత్యేక పాలన ఇవాళ్టిది కాదు. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి ప్రభుత్వ ఏజెంటు కిందకు తెచ్చిన చట్టం 1839 నాటిది. ఆ ఏర్పాటు ఆదివాసీ మీద ప్రేమతో జరిగింది కాదు. కొండల్లో తిరుగుబాట్లను అణచడానికి జరిగింది. అయితే మైదానం నుంచి వచ్చిన షావుకారు, సారా వ్యాపారి, కంట్రాక్టరు అప్పుపత్రం చేతపట్టుకుని కొండభూమిని గుటకాయ స్వాహా చేయడం మొదలుపెట్టాక, తిరుగుబాట్లకు మూలం భూమిలోనే ఉన్నదని పాలకులకూ అర్థమైంది. 1879 నాటి రంప తిరుగుబాటు తరువాత ఆ గ్రహింపు చట్టరూపం దాల్చడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది. 1917లో మద్రాసు ప్రభుత్వం చేసిన ఏజెన్సీ భూబదలాయింపు చట్టం, ఏజెంటు ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేకుండా కొండజాతుల భూమి ఇతరులకు బదిలీ కావడం చెల్లదన్నది. ఆ చట్టం వచ్చిన ఐదేళ్లకే, 1922లో, అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మన్యం మళ్లీ భగ్గుమన్నదంటే కాగితంమీది రక్షణ ఎంతటిదో ఊహించవచ్చు.

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగం ఐదవ షెడ్యూలు ద్వారా గవర్నరుకు విశేషాధికారాలు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో భూబదలాయింపును నిషేధించే, వడ్డీవ్యాపారాన్ని నియంత్రించే నిబంధనలను గవర్నరు చేయవచ్చు. ఆ అధికారంతో వచ్చినదే 1959 నాటి మొదటి నిబంధన. అందులోనూ అనుమతి తీసుకుని బదిలీ చేసుకునే కంత మిగిలిపోయింది. ఆ కంతను పూడ్చినది ఉద్యమం. శ్రీకాకుళం కొండల్లో గిరిజన సంఘం పాలేర్ల జీతాల పెంపుకోసం, పంటలో న్యాయమైన వాటాకోసం, వెట్టి రద్దుకోసం, షావుకార్ల చేతిలోని భూముల విడుదలకోసం పోరాడుతున్న కాలమది. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్లు మహాసభకు వెళుతున్న గిరిజనులపై లేవిడి వద్ద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపి ఇద్దరిని బలిగొన్నారు. ఆ తరువాతి చరిత్ర అందరికీ తెలిసినదే. సాయుధ పోరాటం, దాని అణచివేత సాగుతున్న రోజుల్లోనే, 1970 ఫిబ్రవరిలో, 1959 నిబంధనను పూర్తిగా బిగించే సవరణ వచ్చింది. దానినే మనం ‘1/70 చట్టం’ అంటున్నాం. కౌలు తగాదాల నెత్తుటిలోంచి పుట్టిన చట్టమిది. దీన్ని కేవలం అమ్మకాల నిషేధంగా మాత్రమే చదవడం పొరపాటు.

చట్టం చెప్పేది ఏమిటి

1/70లో కౌలుకు సంబంధించి నాలుగు అంశాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, ‘బదలాయింపు’ అనే మాటకు ఇచ్చిన విస్తృతార్థం. అమ్మకమే కాదు, తాకట్టు, దానం, మార్పిడి, లీజు కూడా బదలాయింపే. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడికి భూమిని కౌలుకివ్వడమన్నా, అమ్మడమన్నా చట్టం దృష్టిలో తేడా లేదు. రెండూ మొదటినుంచీ చెల్లనివే. ఇచ్చేవాడు ఆదివాసీయా కాదా అన్నదానితోనూ నిమిత్తం లేదు. గిరిజనేతరుడు గిరిజనేతరుడికి ఇచ్చినా చెల్లదు. పుచ్చుకునేవాడు షెడ్యూల్డు తెగకు చెందినవాడో, పూర్తిగా వారితోనే ఏర్పడిన సహకార సంఘమో అయి ఉండాలి.

రెండవది, రుజువు భారం. ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి ఏదైనా, అందుకు విరుద్ధంగా రుజువయ్యేదాకా, అది ఆదివాసీ నుంచి సంక్రమించినదేనని భావించాలి. మామూలు దావాలో ‘ఈ భూమి నాది’ అన్నవాడు నిరూపించుకోవాలి. ఇక్కడ ‘ఈ భూమి నీది కాదు’ అని ఆదివాసీ నిరూపించనక్కరలేదు. మూడవది, విచారణ ఎలా మొదలవుతుందన్నది. ఆసక్తిగల ఏ వ్యక్తి దరఖాస్తు చేసినా, ప్రభుత్వోద్యోగి రాతపూర్వకంగా తెలియజేసినా, ఎవరూ అడగకపోయినా తనంతతానుగా అయినా అధికారి విచారణ చేపట్టవచ్చు. ఖాళీ చేయించే డిక్రీ ఇచ్చి భూమిని అసలు హక్కుదారుకో, అతని వారసులకో అప్పగించవచ్చు. వారు తీసుకోవడానికి సిద్ధంగా లేకపోయినా, వారి ఆచూకీ తెలియకపోయినా మరో ఆదివాసీకి కేటాయించవచ్చు. నాలుగవది, 1978 సవరణ తెచ్చిన శిక్ష. నిషేధాన్ని ఉల్లంఘించి భూమి సంపాదించినా, డిక్రీ తరువాత కూడా స్వాధీనంలో కొనసాగినా ఏడాది వరకు కఠిన కారాగారం, రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఈ చట్టం రాజ్యాంగబద్ధతను సుప్రీంకోర్టు 1988లో పి. రామిరెడ్డి కేసులో సమర్థించింది. 1997 జులై 11న వెలువడిన సమత తీర్పు మరింత ముందుకు వెళ్లింది. అరకుకు పొరుగునే, అనంతగిరి మండలం బొర్రా పంచాయతీ పరిసరాల్లో, నిమ్మలపాడు వంటి గ్రామాల భూముల్లో ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన గనుల లీజులపై సాగిన కేసది. ‘వ్యక్తి’ అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతర ప్రైవేటు సంస్థకు లీజుకివ్వడం చెల్లదని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీతో తేల్చింది. లీజు అనే మాటకు దేశమంతటా రాజ్యాంగ ప్రాముఖ్యం తెచ్చిపెట్టింది ఒక విధంగా అరకు కొండలే.

నాలుగు తగాదాలు, ఒకే పేరు

ఏజెన్సీలో ‘కౌలు తగాదా’ అన్న ఒక్క పేరు కింద కనీసం నాలుగు వేర్వేరు సంబంధాలు దాగి ఉన్నాయి. వాటిని విడదీసి చూడకుండా పరిష్కారం గురించి మాట్లాడలేం.

మొదటిది, గిరిజనేతర భూస్వామికీ ఆదివాసీ సాగుదారుకీ మధ్య. పల్లపు భూమి షావుకారు పేరున ఉంటుంది. ఒకనాడు ఆ భూమి గలవాడి మనవడే ఇవాళ దాన్ని సగపాలికి దున్నుతుంటాడు. విత్తనం, ఎరువు, అప్పు అన్నీ షావుకారువే. కళ్లంలో లెక్క తేల్చేదీ ఆయనే. కౌలుపత్రం ఉండదు, రశీదు ఉండదు. ఉన్నదల్లా నమ్మకం, ఆ నమ్మకానికి మరో పేరు భయం. అప్పుకు బదులుగా మనిషినే తాకట్టు పెట్టుకునే గోతి పద్ధతి చట్టరీత్యా ఏనాడో రద్దయింది. అప్పుతో ముడిపడిన పాలు మాత్రం ఆ పద్ధతి నీడలోనే సాగుతున్నది. ఇలాంటి చోట భూస్వామి ‘వచ్చే ఏడు నువ్వు దున్నొద్దు’ అంటే, ఆ మాటకు ఆదివాసీ చెప్పగల జవాబు చట్టంలో సిద్ధంగా ఉన్నది: ‘ముందు నీ హక్కు నిరూపించుకో.’ భూస్వామి అతణ్ని ఖాళీ చేయించమని కోరడమే, తన హక్కుపై విచారణకు తలుపు తీయడం కావాలి. జరుగుతున్నది వేరు. సాగుదారు మౌనంగా తప్పుకుంటాడు. పక్క ఊరివాడు అదే పాలికి వస్తాడు. ఆ తగాదా ఏ దస్త్రంలోకీ ఎక్కదు.

రెండవది దీనికి తలకిందులు. భూమి ఆదివాసీ పట్టా, తీసుకున్నవాడు గిరిజనేతరుడు. కూరగాయల సాగుకోసమో, రోడ్డు పక్కన దుకాణం కోసమో, ఈమధ్య పర్యాటకుల గుడారాల కోసమో, విడిది గృహాల కోసమో ఏడాదికింత అని మాట్లాడుకుంటారు. ఒప్పందం నోటిమాటగానో, తెల్లకాగితం మీదనో ఉంటుంది. కొన్నిచోట్ల మరో ఆదివాసీ పేరున బినామీగా సాగుతుంది. చలికాలం నెలల్లో లోయ పర్యాటకులతో కిటకిటలాడుతుంటే ఆ రాబడిలో పట్టాదారుకు దక్కేది తన సొంత పొలంలో కాపలా ఉద్యోగం. గడువు తీరాక ఖాళీ చేయమని అడిగితే, పెట్టిన పెట్టుబడి ఎవరిస్తారన్న ఎదురు ప్రశ్న వస్తుంది. ఆదివాసీకి ఇక్కడొక సందిగ్ధం. చట్టం దృష్టిలో ఆ లీజే లేదు. కాబట్టి ఖాళీ చేయించమని ఎప్పుడైనా కోరవచ్చు. కానీ ఫిర్యాదు చేస్తే తానూ చట్టాన్ని ఉల్లంఘించినట్టవుతుందని, తీసుకున్న అడ్వాన్సు తిరిగి కట్టాలని బెదిరిస్తారు. చట్టం ఆదివాసీ రక్షణకోసం చేసింది. అతని అవసరంలోంచి జరిగిన బదిలీని అతనిపైనే నేరంగా మోపడం ఆ చట్టం ఉద్దేశానికే విరుద్ధం. ఈ భరోసాను ప్రతి సచివాలయంలోనూ గోడమీద పెద్ద అక్షరాలతో రాయవలసి ఉన్నది.

మూడవదాని గురించి మనం తక్కువ మాట్లాడతాం, ఎందుకంటే మాట్లాడటం ఇబ్బంది. అది ఆదివాసీకీ ఆదివాసీకీ మధ్య తగాదా. ఏజెన్సీని ఏకరూప సమాజంగా చూడటం మైదాన ప్రాంతపు మేధావుల అలవాటు. భగత, కొండదొర, వాల్మీకి, కోటియా, నూకదొర, గదబ, పోర్జ, ఖోండు, కమ్మర - వీరందరూ షెడ్యూల్డు తెగల జాబితాలో ఒకే వరుసలో ఉన్నా, భూమి ముందు ఒకే వరుసలో లేరు. ముఠాదారీ కాలంలో శిస్తు వసూలు చేసే అధికారం కొన్ని తెగల, కొన్ని కుటుంబాల చేతుల్లో ఉండేది. 1969 నిబంధనతో ముఠాలు రద్దయి రైత్వారీ పద్ధతి వచ్చింది. అయితే సర్వే బృందం ముందు నిలబడి తెలుగులో మాట్లాడగలిగినవారి పేరు, కరణానికి తెలిసినవారి పేరు పుస్తకాలకు ఎక్కినంత సులువుగా కొండవాలున ఉండే గదబ, పోర్జ సాగుదారు పేరు ఎక్కలేదు. ఆదివాసీ నుంచి ఆదివాసీకి బదిలీని 1/70 నిషేధించదు. అందుచేత తెగల అంతర్గత అసమానత దానికి కనపడదు. చదువు, ఉద్యోగం, రాజకీయ ప్రాతినిధ్యం వల్ల కొన్ని తెగల్లో చిన్నపాటి భూస్వామ్య వర్గం ఏర్పడుతున్నది. ప్రత్యేకించి బలహీన తెగలుగా ప్రభుత్వమే గుర్తించిన సమూహాలు వారి కింద పాలికి చేస్తున్నాయి. ఆ పాలికాపును పొమ్మంటే అతనికి అండగా నిలిచే ప్రత్యేక నిబంధన లేదు. ఆదివాసీ ఐక్యతకు భంగమని ఈ ప్రశ్నను దాటవేస్తే, ఆ ఐక్యత పైనున్నవారి సౌకర్యంగానే మిగులుతుంది.

నాలుగవది, ఏజెన్సీలోని దళితుడి ప్రశ్న. సంతకు సరుకులు మోయడానికో, పారిశుద్ధ్య పనికో, కూలికో తరాల కిందట కొండెక్కిన రెల్లి, పైడి వంటి కులాల కుటుంబాలు చట్టం లెక్కలో ‘గిరిజనేతరులు’. షావుకారును చూసి చేసిన నిర్వచనంలో షావుకారు వాకిలి ఊడ్చినవాడూ చిక్కుకున్నాడు. కౌలుకు తీసుకున్న అరెకరం నుంచి పొమ్మంటే అతనికి చట్టంలో చోటు లేదు. మైదానంలో భూమీ లేదు. ఇది నిజమైన బాధ. కానీ ఈ బాధను ఎవరు వాడుకుంటున్నారన్నది చూడాలి. ఐదెకరాల మాగాణి లేదా పదెకరాల మెట్ట వరకు ఉన్న గిరిజనేతరులను కదిలించవద్దంటూ 1979లో ప్రభుత్వం 129వ నంబరు జీవో ఇచ్చింది. పేదల పేరు చెప్పిన ఆ మినహాయింపు చాటున ఎందరు పెద్దలు తమ భూమిని పదెకరాల ముక్కలుగా చూపుకోగలరో చెప్పనక్కరలేదు. దళితుడికి న్యాయం చేయాలంటే 1/70కి తూట్లు పొడవనక్కరలేదు. ఏజెన్సీ వెలుపల సాగుభూమి, ఇల్లు, జీవనోపాధి చూపే బాధ్యత రాజ్యానిది. ఆ బాధ్యతను ఆదివాసీ భూమితో తీర్చుకోవాలనుకోవడం ఒక పేదవాడి అప్పును మరో పేదవాడి ఖాతాలో రాయడం.

ఈ నాలుగింటికీ ఆవల రాజ్యమే భూస్వామిగా ఉన్న సందర్భం ఉన్నది. అటవీ అభివృద్ధి సంస్థ కాఫీ తోటల్లో తరతరాలుగా పనిచేసే ఆదివాసీలు, పోడు చేసుకునే కుటుంబాలు ఎవరి కౌలుదారులు? 2006 అటవీహక్కుల చట్టం, గుర్తింపు ప్రక్రియ పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదన్నది. అయినా తిరస్కృత దరఖాస్తుదారులను ఖాళీ చేయించమని 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఆదేశించడం, దేశవ్యాప్త ఆందోళన నడుమ అదే నెల 28న ఆ ఆదేశాన్ని నిలిపివేయడం మనం చూశాం. ఆదివాసీ నివాసం ఎంత సన్నని దారంమీద వేలాడుతున్నదో ఆ రెండు వారాలు చెప్పాయి.

డిక్రీ భూమిగా మారని చోట

ఇంత బలమైన చట్టం ఉండి ఫలితం ఏమిటి? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అధికారిక లెక్కల ప్రకారం, 2000 దశకం మధ్యనాటికి షెడ్యూల్డు ప్రాంతాల్లో సుమారు 72 వేల భూబదలాయింపు కేసులు, దాదాపు 3.21 లక్షల ఎకరాలకు సంబంధించినవి నమోదయ్యాయి. పరిష్కారమైన సుమారు 70 వేల కేసుల్లో 33 వేలకు పైగా, అంటే దాదాపు సగం, ఆదివాసీలకు వ్యతిరేకంగా ముగిశాయి. వాటి కింద పోయిన భూమి 1.62 లక్షల ఎకరాలు. రుజువు భారం ఆదివాసీమీద లేని చట్టం కింద ఆదివాసీ ప్రతి రెండు కేసుల్లో ఒకటి ఓడిపోవడం మామూలు విషయం కాదు. భారం కాగితంమీద మారినా కార్యాలయంలో మారలేదన్నమాట.

ఎందుకిలా? ఒక కారణం తేదీలు. 1970 సవరణ వెనక్కి వర్తించదని సుప్రీంకోర్టు 1995లో స్పష్టం చేసింది. అందుచేత 1970కి ముందటి తేదీతో ఉన్న సాదా కాగితానికి ఎక్కడలేని విలువ వచ్చింది. పాత కాగితం, పాత సిరా, చనిపోయిన సాక్షి - ఈ మూడూ దొరికితే హక్కు పుట్టుకొచ్చేస్తుంది. అలాంటి కాగితాన్ని నిశితంగా పరీక్షించవలసిన బాధ్యత ప్రత్యేక డిప్యూటీ కలెక్టరుది. ఆ పదవే నెలల తరబడి ఖాళీగానో, అదనపు బాధ్యతగానో ఉంటే పరీక్ష ఎలా సాగుతుంది?

రెండవ కారణం దారి పొడవు. కింది అధికారి డిక్రీ ఇస్తే ఏజెంటుకు అప్పీలు, ప్రభుత్వానికి రివిజన్, ఆపై హైకోర్టు. ప్రతి మెట్టుమీదా స్టే. ఒక స్టే నీడలో పది పంటలు ఇంటికి చేరతాయి. గిరిజనేతరుడికి న్యాయవాది ఉంటాడు. ఆదివాసీకి వాయిదా తేదీ చెప్పేవాడే ఉండడు. అతని తరఫున వాదించవలసిన ప్రభుత్వం తరచు నోరు మెదపదు. మూడవది, స్వాధీనం. డిక్రీ అమలైందని దస్త్రంలో పంచనామా ఉంటుంది, భూమిలో పాత మనిషే ఉంటాడు. అప్పగించిన ఏడాదికే అప్పు తీర్చలేక ఆదివాసీయే మళ్లీ అతనికి పాలుదారుగా మారిన ఉదంతాలు మన్యంలో కొత్త కాదు. విత్తనానికి, ఎద్దులకు, పెళ్లికి, వైద్యానికి అప్పు పుట్టే చోటు షావుకారు గడపే అయినంతకాలం భూమి తిరిగి ఇవ్వడమంటే కొన్నాళ్లకు ఇవ్వడమే. ఏజెన్సీలో వడ్డీవ్యాపారాన్ని నియంత్రించే, ఋణవిముక్తి కలిగించే నిబంధనలు 1960లోనే వచ్చాయి. 1/70 గురించి చదివే విద్యార్థులు సైతం వాటి పేర్లు వినరు. భూమి చట్టానికి కుడిచేయి వంటి అప్పు చట్టం ఆ విధంగా చచ్చుబడిపోయింది.

పొలంలో జరగవలసిన విచారణ

పరిష్కారానికి మన ముందున్న అనుభవం బెంగాల్‌ది. 1978లో మొదలైన ‘ఆపరేషన్ బర్గా’లో అధికారులు వాటాసాగుదారును కార్యాలయానికి పిలవలేదు, తామే ఊళ్లోకి వెళ్లారు. సాయంత్రం పనులయ్యాక శిబిరం పెట్టి, అందరి ఎదుట ఎవరు దున్నుతున్నారో అడిగి రాసుకున్నారు. సాగుచేస్తున్నవాడు బర్గాదారు కాదని రుజువు చేయవలసిన భారం భూస్వామిమీద పెట్టారు. సుమారు 14 లక్షల మంది బర్గాదారుల పేర్లు నమోదయ్యాయి. ఒంటరిగా తహసీల్దారు గుమ్మం ముందు నిలబడినప్పుడు మాట రానివాడు, పదిమంది తనవాళ్ల మధ్య పొలం గట్టుమీద నిజం చెప్పగలడన్నదే దాని వెనుకనున్న సత్యం.

ఏజెన్సీకి ఇంతకంటే బలమైన ఆధారం ఉన్నది. 1996 నాటి పెసా చట్టం, గ్రామసభకు తన ఆచారం ప్రకారం తగాదాలు తీర్చుకునే అధికారాన్ని గుర్తించింది. భూమి అన్యాక్రాంతం కాకుండా నివారించే, అక్రమంగా పోయినదాన్ని తిరిగి ఇప్పించే అధికారాన్నీ ఇచ్చింది. రాష్ట్రంలో దానికి నియమావళి 2011లో వచ్చింది. కనుక కొత్త చట్టం కోసం ఎదురుచూడకుండానే కొన్ని పనులు మొదలుపెట్టవచ్చు.

ఒకటి, సాగుదారు జాబితా. ప్రతి గ్రామసభలో ఏటా నాట్లకు ముందు, ఏ చెక్కలో ఎవరు సాగుచేస్తున్నారో, ఎవరి పేరున ఉన్నదో, పాలెంతో చదివి రాయాలి. అడంగల్‌లో సాగుదారు గడి ఖాళీగా ఉంచడమే ఆదివాసీని ఖాళీ చేయించడానికి మొదటి మెట్టు. రెండు, గిరిజనేతరుడి పేరున ఉన్న భూమిలో ఆదివాసీ సాగుదారును తొలగించే ప్రయత్నం ఎక్కడ జరిగినా, ఆ సమాచారాన్నే ఫిర్యాదుగా స్వీకరించి 1/70 కింద విచారణ చేపట్టాలి. ‘ఆసక్తిగల ఏ వ్యక్తి అయినా’ అన్న చట్టంలోని మాటకు సాగుదారును మించిన ఆసక్తిపరుడు ఎవరుంటారు? విచారణ ముగిసేదాకా సాగు అతని చేతుల్లోనే ఉండాలి. హక్కుదారు కుటుంబం దొరకని భూమిని కేటాయించేటప్పుడు మొదటి అవకాశం కూడా అతనికే దక్కాలి.

మూడు, విచారణ ఊళ్లో జరగాలి. కువి, ఆదివాసీ ఒడియా వంటి వాళ్ల భాషల్లో జరగాలి. సుప్రీంకోర్టు 2003లో ఒడిశాకు చెందిన అమరేంద్ర ప్రతాప్ సింగ్ కేసులో, ఆదివాసీ భూమిపై గిరిజనేతరుడు ప్రతికూల స్వాధీనం ద్వారా హక్కు పొందజాలడని చెప్పింది. ‘ముప్పై ఏళ్లుగా నేనే ఉన్నాను’ అన్న వాదన ఇక్కడ పనిచేయదన్న సంగతి గ్రామసభకు తెలిస్తే సగం తగాదాలు మొదటి రోజే తేలిపోతాయి. నాలుగు, ఆదివాసీల మధ్య కౌలుకు గ్రామసభే నియమాలు పెట్టాలి. కనీస కాలపరిమితి, పంటకు ముందు తొలగించకపోవడం, బలహీన తెగల సాగుదారుకు ప్రాధాన్యం వాటిలో ఉండాలి. అయితే గ్రామసభలోనే పెద్ద తెగ పెద్దరికం చెలాయిస్తే ఏంచేయాలన్న సందేహం సమంజసమైనదే. అందుకే గదబ, పోర్జ వంటి సమూహాల సభ్యులకు, ముఖ్యంగా మహిళలకు, ఆ తీర్మానాల్లో తప్పనిసరి స్థానం కావాలి. గ్రామసభ తీర్పుపై ఐటీడీఏ స్థాయిలో శీఘ్ర సమీక్షా ఉండాలి.

ఐదు, నిష్క్రమణకు గౌరవప్రదమైన దారి. చట్టబద్ధమైన హక్కు ఉన్న గిరిజనేతరుడు భూమి వదులుకోదలిస్తే, కొనే ఆదివాసీ దొరకనప్పుడు, ప్రభుత్వమే ఆ భూమిని తీసుకునే వెసులుబాటు 1/70లోనే ఉన్నది. ఆ నిధిని బడ్జెట్టులో చూపిన ప్రభుత్వాన్ని వెతుక్కోవాలి. తగాదా అంటే ఎప్పుడూ ఒకరిని గెంటివేయడమే కానక్కరలేదు. పరిహారం ఇచ్చి పంపడం చవకైన శాంతి.

పర్యాటకం పేరిట కొత్త లీజు

ఈ చర్చకు ఇప్పుడు తొందర ఎందుకంటే, లీజు అన్న మాట కొత్త వేషంలో కొండెక్కుతున్నది. 2025 ఆరంభంలో విశాఖపట్నంలో జరిగిన పర్యాటక పెట్టుబడుల సదస్సులో, ఏజెన్సీలో పర్యాటకాభివృద్ధికి 1/70 అడ్డుగా ఉన్నదన్న అర్థంలో శాసనసభ సభాపతి నోట మాట రావడంతో మన్యం అట్టుడికింది. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో ఆదివాసీ సంఘాలు బంద్ పాటించాయి. చట్టాన్ని మార్చే ఆలోచన లేదని ముఖ్యమంత్రి ప్రకటించవలసి వచ్చింది. ఆ ప్రకటన ఊరట కలిగించేదే. కానీ చట్టాన్ని మార్చకుండానే నిర్వీర్యం చేయడం మనకు బాగా తెలిసిన విద్య. అల్లూరి సీతారామరాజు పేరున 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన జిల్లాలో, ఆయన ఎవరి భూమికోసం ప్రాణమిచ్చాడో వారి పొలాల్లో చెల్లని లీజుమీద విడిది గృహాలు లేస్తుంటే కళ్లు మూసుకోవడం, చట్టాన్ని రద్దు చేయడంకంటే సులువైన పని.

పర్యాటకం వద్దని ఎవరూ అనడం లేదు. ఆదివాసీల సహకార సంఘానికి భూమి బదిలీ చేయవచ్చునని చట్టమే చెబుతున్నది. ఆ దారిలో బ్యాంకు రుణం, శిక్షణ, రోడ్డు, నీరు ఇచ్చి విడిది గృహాన్ని ఆదివాసీలే నడిపేలా చేయడానికి 1/70 ఏనాడూ అడ్డు చెప్పలేదు. అది అడ్డు చెప్పింది ఒక్కదానికే: భూమి ఆదివాసీదిగానూ లాభం మరొకరిదిగానూ ఉండటానికి. పెట్టుబడిదారుకు కష్టమనిపిస్తున్న నిబంధన సరిగ్గా అదే కావడంలో ఆశ్చర్యం లేదు.

మైదానంలో కౌలురైతు ఉద్యమం యజమాని హక్కును అంగీకరించి, దానికి పరిమితులు అడిగింది. కొండమీద ఉద్యమం ఆ హక్కు పుట్టుకనే అడిగింది. రాజ్యాంగం ఆ ప్రశ్నకు చోటిచ్చింది. తిరిగి ఆ ప్రశ్నను మైదానపు కౌలు లెక్కల్లోకి దించి, ఎవరికెంత పరిహారమన్న బేరంగా మార్చడానికి ప్రయత్నాలు జరుగుతూనే ఉంటాయి. పాలికి చేసే గదబ రైతుకు, అతని మనవరాలు చదివే పాడేరు కళాశాలలోని విద్యార్థులకు ఈ తేడా తెలియాలి. ఏజెన్సీలో ఎవరైనా ఆదివాసీని పొలం ఖాళీ చేయమని అడిగిన నాడు, ఆ పొలం గట్టుమీద గ్రామసభ కూర్చుని అడగవలసిన మొదటి మాట ఒక్కటే: నీ కాగితం ముందు చూపించు.